ఖతీఫ్ ఖర్జూర తోటల నుంచి మన్యం దాకా: ఒక రక్తకణం చరిత్ర

గల్ఫ్ అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేవి చమురు బావులు, ఎడారి, వీసా, ఇంటికి పంపే డబ్బు. కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్ళిన ఎందరో తెలుగువాళ్ళ చెమట అక్కడి కట్టడాల్లో ఇంకి ఉంది. అయితే సౌదీ అరేబియా తూర్పు తీరానికీ మన తూర్పు కనుమలకూ వీసాలు పుట్టకముందు నుంచే ఒక బంధుత్వం ఉంది. అది అక్షరాలా రక్తబంధుత్వం. ఖతీఫ్, అల్ అహ్సా ఒయాసిస్సుల్లోని ఖర్జూర రైతుల రక్తంలోనూ, మన ఏజెన్సీ గిరిజనుల రక్తంలోనూ ఒకే రకమైన జన్యు లోపం తరతరాలుగా వస్తోంది. దాని పేరు సికిల్ సెల్, అంటే కొడవలి కణ వ్యాధి.

నేను వైద్యుణ్ణి కాను. ఇంజినీరింగు చదివి సాఫ్ట్‌వేర్‌తో పొట్టపోసుకుంటున్నవాణ్ణి. ఈ సంచిక చదివేవారిలో డాక్టర్లు చాలామంది ఉంటారు. వారికి వైద్యం చెప్పే సాహసం చేయబోవడం లేదు. నేను చెప్పదలచుకున్నది చరిత్ర. ఆ చరిత్ర నేర్పే పాఠం ఒక్కటే: ఒక జబ్బు ఎంత తీవ్రమైనదో, ఒక మందు ఎంత క్షేమమైనదో ఇంకో దేశపు పుస్తకం చూసి తేల్చుకోలేం. రోగులు ఉన్నచోటే, వాళ్ళ పక్కనే కూర్చుని లెక్కపెట్టి తెలుసుకోవాలి.

కొడవలి ఎలా దొరికింది

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక వ్యాసం ప్రచురించారు. కరీబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన ఒక విద్యార్థి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొన్ని కొడవలిలా వంగి కనిపించాయని అందులో రాశారు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని చూపించింది. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని తేలడం వైద్య చరిత్రలో అదే మొదలు. తర్వాత కొన్నేళ్ళకే వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎంత చిన్నదో కనిపెట్టారు. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి కూర్చుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే పెద్ద ప్రోగ్రాములో ఒక్క అక్షరం తప్పు పడింది.

ఆ ఒక్క అక్షరం వల్ల ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం గట్టిపడి వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు ఎముకల్లో, ఛాతీలో, కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. కణాలు తొందరగా చితికిపోవడంతో రక్తహీనత, కామెర్లు వస్తాయి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచి మాత్రమే ఈ జన్యువు వస్తే ఆ మనిషి వాహకుడు. సాధారణంగా అతనికి ఏ బాధా ఉండదు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఒయాసిస్సు జ్వరాలు, మన్యం జ్వరాలు

ఇంత హాని చేసే జన్యువు ఇన్ని వేల ఏళ్ళు ఎలా బతికింది? దీనికి 1954లో ఆంథొనీ ఆలిసన్ సమాధానం చెప్పారు. వాహకులకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా విజృంభించే చోట వాహకుల పిల్లలు బతికి బట్టకడతారు, వాళ్ళతోపాటే జన్యువూ బతుకుతుంది.

మన్యంలో చలిజ్వరం సంగతి మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బదిలీ మీద ఏజెన్సీకి వెళ్ళమంటే ఉద్యోగులు భయపడిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఎడారి దేశంలో మాత్రం దోమలెక్కడివి అనిపిస్తుంది. ఖతీఫ్, అల్ అహ్సాలు ఊటబావులతో, కాలువలతో, ఖర్జూర తోటలతో నిండిన పచ్చని ఒయాసిస్సులు. తోటల్లో పారే నీరు, నిలిచే నీరు దోమలకు పుట్టినిల్లు. అక్కడి జనం తరతరాలుగా మలేరియాతో సహజీవనం చేశారు.

1938లో దమ్మామ్ వద్ద చమురు పడింది. తర్వాత ఆరాంకో అని పేరు మారిన కంపెనీ ఈ ఒయాసిస్సుల నుంచే పనివాళ్ళను తీసుకుంది. మలేరియాతో మనుషులు పడిపోతుంటే చమురు పని సాగదు. అందుకే 1940 దశకం చివర కంపెనీ ఒయాసిస్సుల్లో డీడీటీ చల్లించి మలేరియా నివారణ మొదలుపెట్టింది. ధహ్రాన్‌లోని కంపెనీ వైద్య విభాగానికి వేలాది కార్మికుల, వారి కుటుంబాల వైద్య రికార్డులు ఒకేచోట, ఏళ్ళ తరబడి పోగయ్యాయి. వ్యాపారం కోసం పెట్టిన ఆసుపత్రి తెలియకుండానే పరిశోధనశాల అయింది.

మన వైపు కథ 1952లో మొదలైంది. ఆ ఏడాది హెర్మన్ లేమాన్, మేరీ కట్‌బుష్ నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో సికిల్ సెల్ లక్షణాన్ని కనుగొన్నారు. అదే సంవత్సరం అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ ఈ జబ్బు ఉన్నట్టు వేరే వైద్యులు ప్రకటించారు. ఆ తర్వాత ఒడిశా, మధ్యప్రదేశ్, విదర్భ, గుజరాత్, ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో ఒక్కొక్కటిగా బయటపడింది. విశాఖ ఏజెన్సీ, గోదావరి తీరపు కోయ గూడేలు, ఆదిలాబాద్ గోండు గూడేలు ఈ పటంలో చేరాయి. 1963లో అదే లేమాన్ ఆరాంకో వైద్యుడు జార్జ్ మారాంజియన్, రక్త వర్గాల నిపుణుడు ఆర్థర్ మూరాంట్‌లతో కలిసి సౌదీ అరేబియాలో సికిల్ హిమోగ్లోబిన్ విస్తృతి మీద నేచర్ పత్రికలో వ్యాసం రాశారు. నీలగిరిలో మొదలుపెట్టిన మనిషే అరేబియా తీరంలోనూ వెతకడం విశేషం.

పుస్తకంలో లేని రోగులు

అప్పటికి అమెరికాలో రాసిన వైద్య గ్రంథాల్లో సికిల్ సెల్ అంటే చిన్నతనంలోనే ప్రాణం తీసే జబ్బు. ఆ పుస్తకాలు చదువుకుని ధహ్రాన్ వచ్చిన డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. రెండు వైపుల నుంచీ జన్యువు వచ్చినవాళ్ళు, అంటే పూర్తి జబ్బు ఉండాల్సినవాళ్ళు, పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, పనుల్లోకి వస్తున్నారు. కొందరికి తమకు జబ్బు ఉందనే తెలియదు.

1972లో ఆరాంకో వైద్యుడు ఆర్.పి. పెర్రిన్, బ్రిటన్‌కు చెందిన డేవిడ్ వెదరాల్ తదితరులు లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. వ్యాసానికి పెట్టిన పేరుకు అర్థం ‘నెమ్మదైన సికిల్ సెల్ రక్తహీనత’. 1978లో పెర్రిన్ బృందం 270 మంది సౌదీ రోగుల వివరాలతో మరో పెద్ద వ్యాసం ప్రచురించింది. కారణం కూడా దొరికింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడే హిమోగ్లోబిన్ ఒకటుంటుంది. దాన్ని పిండ హిమోగ్లోబిన్ అందాం. పుట్టిన కొద్ది నెలల్లో అది దాదాపు పూర్తిగా తగ్గిపోవాలి. ఈ రోగుల్లో మాత్రం అది గణనీయంగా మిగిలిపోయింది. ఆ హిమోగ్లోబిన్ మధ్యలో అడ్డుపడి కణాలను కొడవలిలా వంగనివ్వదు. సికిల్ సెల్ ఉన్న పసిబిడ్డలకు మొదటి నెలల్లో బాధ ఎందుకు రాదో 1948లోనే న్యూయార్క్ వైద్యురాలు జానెట్ వాట్సన్ ఇదే తర్కంతో ఊహించారు. ఆ ఊహకు ఖతీఫ్, అల్ అహ్సా ప్రజలు నడుస్తున్న సాక్ష్యమయ్యారు.

ఇంతలో ఒడిశాలోని బుర్లా వైద్య కళాశాలలో డాక్టర్ బి.సి. కర్ అదే విషయం గమనిస్తున్నారు. జమైకాలో సికిల్ సెల్ మీద జీవితమంతా పనిచేసిన గ్రాహం సర్జెంట్‌తో కలిసి 1986లో ఆయన ఒడిశా రోగుల వివరాలు ప్రకటించారు. వారిలోనూ పిండ హిమోగ్లోబిన్ ఎక్కువే. అదే 1986లో ఆండ్రియాస్ కులోజిక్ బృందం తూర్పు సౌదీ, ఒడిశా రోగుల జన్యువు చుట్టుపక్కల గుర్తులను పోల్చి చూసింది. రెండూ ఒకటే. ఆఫ్రికా రకాల కంటే భిన్నం. అప్పటి నుంచి దానికి అరబ్-ఇండియా రకం అన్న పేరు స్థిరపడింది. ఆ మార్పు ఆసియాలో విడిగా పుట్టిందని ఆ పరిశోధకులు భావించారు. 2018లో పూర్తి జన్యుక్రమాలను చదివిన ష్రైనర్, రొటిమి మాత్రం ప్రపంచమంతటా ఉన్న సికిల్ జన్యువు సుమారు 7,300 ఏళ్ళ కిందట ఒక్కచోటే పుట్టి పాకిందని వాదించారు. ఏది నిజమైనా, అరేబియా ఒయాసిస్సుకూ మన కొండలకూ మధ్య ఉన్న చుట్టరికం చెదరదు.

నెమ్మదైనదన్న మాటలో ప్రమాదం

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. సౌదీ అరేబియా అంటే ఒక్క తూర్పు తీరమే కాదు. నైరుతిన ఎర్రసముద్రం వైపు జీజాన్, అసీర్ ప్రాంతాల్లోనూ సికిల్ సెల్ ఉంది. అక్కడిది ఎక్కువగా ఆఫ్రికాలోని బెనిన్ రకం. పిండ హిమోగ్లోబిన్ తక్కువ, జబ్బు తీవ్రం. సౌదీలో ఈ జబ్బు రెండు వేర్వేరు రూపాల్లో ఉందని 1991లో పద్మోస్ బృందం స్పష్టంగా రాసింది. తూర్పు తీరం లెక్కలు చూసి పడమటి తీరపు బిడ్డకు ‘మీది నెమ్మదైన జబ్బేలే’ అంటే ఆ బిడ్డకు అన్యాయం జరిగినట్టే.

తూర్పు తీరంలో కూడా నెమ్మదైనదన్న మాట పూర్తిగా నిలబడలేదు. పిల్లలుగా ఉన్నప్పుడు బాగానే ఉన్నవారు పెద్దయ్యాక నొప్పులతో ఆసుపత్రులకు రావడం, తుంటి ఎముక దెబ్బతినడం వైద్యులు చూశారు. మన దేశంలోనూ అంతే. ఒడిశా రోగులను చూసి భారతదేశంలో ఇది తేలిక జబ్బు అన్న అభిప్రాయం వచ్చింది. నాగపూర్ వైపు వైద్యులు తమ దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి తీవ్రంగానే ఉందని చూపించారు. ఆదిలాబాద్ జిల్లాకు బుర్లా కంటే నాగపూర్ దగ్గర. జన్యువు ఒకటే అయినా, దాని ఫలితం ఊరు మారితే మారుతోంది.

మందు ఎవరికి మందు, ఎవరికి విషం

మలేరియా ఉన్నచోట మలేరియా మందులుంటాయి. వాటిలో ప్రిమాక్విన్ ముఖ్యం. కాలేయంలో దాక్కుని మళ్ళీ మళ్ళీ జ్వరం తెప్పించే వైవాక్స్ రకాన్ని వేళ్ళతో పెకలించేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం స్టేట్‌విల్ జైలులో ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించేవారు. జైల్లో ఉన్నవాడి సమ్మతి నిజమైన సమ్మతేనా అన్న ప్రశ్న ఆ ప్రయోగాలను ఈ రోజుకీ వెంటాడుతోంది. అక్కడ ప్రిమాక్విన్ మింగిన కొందరి ఎర్రకణాలు ఉన్నట్టుండి చితికిపోయాయి. 1956లో కార్సన్, ఆల్వింగ్ తదితరులు కారణం చెప్పారు. వారి ఎర్రకణాల్లో జి-6-పి-డి అనే ఎంజైము లోపించింది.

ఈ లోపం కూడా మలేరియా ప్రాంతాల సొత్తే. 1960 దశకంలో ఆరాంకో వైద్యుడు ఎ.పి. గెల్పీ సౌదీ పిల్లల్లో ఈ ఎంజైము లోపం, సికిల్ లక్షణం, మలేరియా మూడింటినీ కలిపి అధ్యయనం చేశారు. తూర్పు ఒయాసిస్సుల్లో మొదటి రెండూ ఎక్కువే. అంటే ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. అలాంటి మనిషికి జ్వరం వచ్చిందని ప్రిమాక్విన్ ఇస్తే ఏమవుతుందో ఆలోచించండి. కామెర్లు ముదిరితే సికిల్ సెల్ వల్లే అనుకుని మందును అనుమానించకపోవచ్చు.

ఈ లోపం ఉన్నవారికి కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ లాంటి మరికొన్ని మందులూ పడవు. సౌదీలో పొద్దున్నే రొట్టెతో తినే ఫూల్ అనే వంటకం కూడా కొందరికి పడదు. అందులో వేసే ఫావా గింజలు ఎర్రకణాలను చితికిస్తాయి. మన పెరట్లో కాసే చిక్కుడు వేరు, దాన్ని చూసి భయపడనక్కరలేదు. ఈ లోపం తెలుగువాళ్ళలోనూ ఉంది, ముఖ్యంగా మగవారిలో బయటపడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఉందని తెలిస్తే, ఏ దేశంలో ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు ఆ మాట చెప్పాలి. చిన్న రక్తపరీక్షతో తేలే విషయం ఇది.

పాత మందుకు కొత్త కొలత

సికిల్ సెల్‌కు నిలకడగా పనిచేసిన మందు హైడ్రాక్సీయూరియా. 1869లోనే జర్మనీలో తయారైన రసాయనం. 1960 దశకం నుంచి క్యాన్సర్లకు వాడారు. ఇది పిండ హిమోగ్లోబిన్‌ను పెంచుతుందని 1980 దశకంలో తెలిసింది. ఒక రకంగా చూస్తే, ఖతీఫ్ రైతుకు ప్రకృతి ఉచితంగా ఇచ్చినదాన్ని మిగతావారికి బిళ్ళలో ఇవ్వడమన్నమాట. 1995లో ఛరాష్ బృందం 299 మంది పెద్దల మీద చేసిన పరీక్షలో ఏడాదికి సగటున 4.5 సార్లు వచ్చే నొప్పి 2.5 సార్లకు తగ్గింది. 1998లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు ఆ మందును ఆమోదించింది.

అయితే ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో అత్యధికులు ఆఫ్రికా మూలాలున్న అమెరికా వాసులు. వారికి కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, శరీరం తట్టుకున్నంత వరకు పెంచారు. రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేయించుకునే వీలున్న చోట అది నడుస్తుంది. పాడేరు కొండ మీది గూడెంలో ఎలా? మోతాదు మించితే ఈ మందు తెల్లకణాలను తగ్గించి అంటురోగాలకు దారి తీస్తుంది. గర్భిణుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. అసలే క్యాన్సర్ మందు అనేసరికి తల్లిదండ్రులకు భయం.

ఇక్కడ మళ్ళీ స్థానిక పరిశోధనే దారి చూపింది. 1992లోనే రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయానికి చెందిన మొహ్సిన్ ఎల్ హజ్మీ బృందం సౌదీ రోగుల్లో ఈ మందు పనితీరు మీద వ్యాసం రాసింది. 2012లో నాగపూర్ వైద్యులు తీవ్రంగా బాధపడుతున్న 60 మంది పిల్లల మీద చేసిన పరీక్ష వివరాలు వచ్చాయి. కిలోకు 10 మిల్లీగ్రాముల చిన్న మోతాదు, పెంచకుండా అలాగే ఉంచినా, నొప్పులు బాగా తగ్గాయి. మోతాదు తక్కువైతే ప్రమాదమూ తక్కువ, పరీక్షల ఖర్చూ తక్కువ. అమెరికా కొలతనే అక్షరాలా పట్టుకుని ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

కొత్త మందులన్నీ మంచివే అనుకోవడానికీ లేదు. 2019లో అమెరికా ఆమోదించిన వాక్సెలటర్ అనే మందును 2024 సెప్టెంబరులో కంపెనీయే ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. హిమోగ్లోబిన్ అంకె పెరిగింది కాని, తర్వాతి పరీక్షల్లో మందు తీసుకున్నవారిలో నొప్పి దాడులు, మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ పరీక్షల్లో ఆఫ్రికా దేశాల్లో జరిగినవీ ఉన్నాయి. ఆమోదం వచ్చిన తర్వాత కూడా లెక్క ఆపకూడదు. సౌదీ అరేబియా 2003లో తన ఆహార, ఔషధ సంస్థను ఏర్పాటు చేసుకోవడం, మన దేశం 2010లో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టడం ఈ దారిలో వేసిన అడుగులే.

2023 చివర బ్రిటన్, అమెరికా, 2024 జనవరిలో సౌదీ అరేబియా ఆమోదించిన జన్యు చికిత్స క్యాస్‌జెవీ మూలసూత్రం కూడా పిండ హిమోగ్లోబినే. దాన్ని ఆపే బిసిఎల్11ఎ అనే స్విచ్ పనితీరును 2008లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ తదితరులు చూపించారు. ఆ స్విచ్‌ను రోగి మూలకణాల్లో ఆపేస్తే చాలు. ఖర్చు మాత్రం సామాన్యుడి ఊహకు అందదు. చవక బిళ్ళ విలువ అందుకే తగ్గలేదు.

పెళ్ళికి ముందు ఒక పరీక్ష

అరబ్బులకూ మనకూ మరో పోలిక, దగ్గరి సంబంధాలు చేసుకోవడం. అక్కడ చిన్నాన్న, పెదనాన్న కూతుర్ని చేసుకుంటారు. మనకు వాళ్ళు అక్కచెల్లెళ్ళ వరస. మనం మేనమామ కూతుర్ని, మేనత్త కొడుకుని చేసుకుంటాం. వరసలు వేరైనా జన్యువుకు ఆ తేడా తెలియదు. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం రెండు చోట్లా పెరుగుతుంది.

2004 ఫిబ్రవరి నుంచి సౌదీ అరేబియా పెళ్ళికి ముందు సికిల్ సెల్, తలసీమియా పరీక్షలను తప్పనిసరి చేసింది. పరీక్ష తప్పనిసరి, నిర్ణయం మాత్రం జంటదే. మొదటి ఆరేళ్ళలో 15 లక్షలకు పైగా జనాన్ని పరీక్షించారు. ఇద్దరూ వాహకులని తెలిశాక సంబంధం మానుకున్న జంటలు 2004లో 9.2 శాతం ఉంటే, 2009కి 51.9 శాతానికి పెరిగాయి. పోలీసులు ఆపిన పెళ్ళిళ్ళు కావవి. కూర్చోబెట్టి వివరంగా చెబితే జనం అర్థం చేసుకుంటారనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మన దేశంలో 2016 చట్టం సికిల్ సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో 1998లో రోగుల కోసం ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ అంతకు చాలా ముందు నుంచే పనిచేస్తోంది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కార్డు మీద ‘వాహకుడు’ అని రాసి ఇచ్చి, దాని అర్థం చెప్పకపోతే అది ముద్ర అవుతుంది. గూడెంలో ఆడపిల్లకు ఆ ముద్ర పడితే పెళ్ళి కుదరదు. సౌదీ అనుభవంలో పరీక్ష ఎంత ముఖ్యమో, దాని తర్వాత కూర్చుని మాట్లాడడం అంత ముఖ్యం.

మన వంతు

ఈ సభలకు వచ్చినవారిలో చాలామందికి ఈ జబ్బు దూరపు సంగతిలా తోచవచ్చు. కాని 2006 నాటికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేయడం మొదలైంది. మీ ఇంటికి ‘ట్రెయిట్’ అన్న మాటతో ఉత్తరం వస్తే బెంబేలెత్తకండి, అలాగని చెత్తబుట్టలో పడేయకండి. ఆ కాగితం మీ బిడ్డకు పాతికేళ్ళ తర్వాత పనికొస్తుంది.

మన సంఘాలు ఊళ్ళలో ఆరోగ్య శిబిరాలకు ఏటా ఉదారంగా విరాళాలిస్తున్నాయి. కళ్ళజోళ్ళు, బీపీ మాత్రలతో పాటు, అరకు, చింతూరు, ఉట్నూరు వైపు వెళ్ళే శిబిరాల్లో సికిల్ సెల్, జి-6-పి-డి పరీక్షలు చేర్చమని నా మనవి. ఒక్కరోజు శిబిరంతో ఆగిపోకుండా, మందు మొదలుపెట్టిన పిల్లల రక్తపరీక్షలకు ఏడాది పొడవునా అయ్యే ఖర్చు భరిస్తే ఇంకా మేలు. వచ్చిన లెక్కలను జాగ్రత్తగా రాసి ఉంచడానికి నాలాంటి కంప్యూటరు మనుషులు కూడా సాయపడగలరు.

ధహ్రాన్‌లో ఆ డాక్టర్లు చేసిన గొప్ప పని ఏమిటి? కొత్త యంత్రాలేవీ కనిపెట్టలేదు. వచ్చిన ప్రతి రోగి వివరమూ ఓపిగ్గా రాసుకున్నారు, పుస్తకంతో సరిపోలకపోతే రోగినే నమ్మారు. ఆ ఓపిక వల్లే పిండ హిమోగ్లోబిన్ విలువ లోకానికి గట్టిగా తెలిసింది. మన మన్యం బిడ్డల గురించి కూడా అంత ఓపికగా రాసుకునేవాళ్ళు కావాలి. వారిలో మనవాళ్ళు కొందరుంటే అంతకంటే కావలసిందేముంది.